కాంట్రాక్టర్ల బీమా: అపోహలు – వాస్తవాలు

భవనం, రోడ్డు, వంతెన, పైపులైను వంటి నిర్మాణ పనులకు భారతదేశంలో ప్రధానంగా తీసుకునేది కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ. వాడుకలో దీన్ని సీఏఆర్ అంటారు. పనిలో ఎక్కువ భాగం యంత్రాలు బిగించడమే అయితే దీని బదులు ఎరెక్షన్ ఆల్ రిస్క్ పాలసీ తీసుకుంటారు. కాంట్రాక్టరు సొంత యంత్రాలకు ప్లాంట్ అండ్ మెషినరీ పాలసీ, కూలీలకు ఉద్యోగుల నష్టపరిహార పాలసీ, రోడ్డెక్కే బండ్లకు మోటారు పాలసీ విడివిడిగా ఉంటాయి. ఒక పాలసీ ఎక్కడ ఆగుతుందో, మరొకటి ఎక్కడ మొదలవుతుందో తెలియకపోవడం వల్లే ఈ రంగంలో అపోహలు ఎక్కువగా పుడుతున్నాయి.

“సీఏఆర్ ఉంటే సైటులో ఏం జరిగినా డబ్బొస్తుంది”

సీఏఆర్‌లో రెండు భాగాలున్నాయి. మొదటిది కడుతున్న పనికి జరిగే నష్టానికి, రెండోది బయటివారికి జరిగే నష్టానికి. అగ్నిప్రమాదం, వరద, గాలివాన, దొంగతనం, స్లాబు కూలడం వంటి అనుకోని భౌతిక నష్టాలు మొదటి భాగంలోకి వస్తాయి. మినహాయింపుల జాబితా మాత్రం చిన్నది కాదు. తప్పుడు డిజైన్‌తో వచ్చే నష్టం మామూలు పాలసీలో ఉండదు. నాసిరకం సామగ్రిని, పనితనంలోని లోపాన్ని సరిచేసే ఖర్చు కూడా రాదు. నాసిరకం కాంక్రీటుతో పోసిన పిల్లరు కుంగి, పక్కన సవ్యంగా కట్టిన గోడలు కూలితే గోడల నష్టం క్లెయిమ్‌లోకి వస్తుంది. ఆ పిల్లరును తిరిగి పోసే ఖర్చు మాత్రం కాంట్రాక్టరు నెత్తినే పడుతుంది. గడువు దాటినందుకు పని ఇచ్చినవారు వేసే జరిమానాకూ బీమా లేదు. స్టాకు లెక్కించినప్పుడు ఇనుము తగ్గిందని తేలితే అది దొంగతనం కింద చెల్లదు. ఎప్పుడు, ఎలా పోయిందో చెప్పగలిగి, పోలీసు ఫిర్యాదు ఉన్న చోరీయే చెల్లుతుంది. వీటికి తోడు, ప్రతి క్లెయిమ్‌లో ‘ఎక్సెస్’ పేరుతో కొంత మొత్తాన్ని కాంట్రాక్టరే భరించాలి.

హైదరాబాదు వంటి నగరాల్లో అసలు చిక్కు సెల్లార్ తవ్వకాలతో వస్తుంది. లోతుగా తవ్వినప్పుడు పక్క స్థలం ప్రహరీ ఒరిగినా, పక్కింటి గోడలు బీటలు వారినా అది రెండో భాగంలోకి తప్పక వస్తుందని చాలామంది నమ్ముతారు. ప్రకంపనల వల్ల గానీ, నేల ఆధారం తొలగడం వల్ల గానీ పక్క ఆస్తికి కలిగే నష్టం సాధారణ నిబంధనల్లో మినహాయింపు. దానికి ప్రత్యేకంగా ఎండార్స్‌మెంట్ రాయించుకోవాలి. రాసేముందు బీమా కంపెనీ సాధారణంగా పక్క భవనాల అప్పటి స్థితిపై నివేదిక అడుగుతుంది. ఆ నివేదిక లేకపోతే, పాత బీటలేవో కొత్త బీటలేవో తేల్చడానికి తర్వాత ఏ ఆధారమూ మిగలదు. జీహెచ్‌ఎంసీ పెద్ద భవనాల అనుమతి పత్రాల్లో సీఏఆర్ పాలసీ షరతు కనిపిస్తుంది. అనుమతి కోసం తీసుకునే పాలసీ చాలాసార్లు ఆ షరతు తీర్చేంత మేరకే ఉంటుంది, ఇలాంటి ఎండార్స్‌మెంట్లు అందులో ఉండవు.

“మేస్త్రీ తెచ్చిన కూలీలు మేస్త్రీ బాధ్యతే”

అన్ని అపోహల్లోకీ ఖరీదైనది ఇదే. సీఏఆర్ రెండో భాగం బాటసారికీ పక్కింటివారికీ వర్తిస్తుంది తప్ప కాంట్రాక్టరు కూలీలకు వర్తించదు. వారికి వేరే పాలసీ కావాలి. 2020 సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, తన వ్యాపారంలో భాగమైన పనిని మరొకరికి అప్పగించినవారు ఆ మరొకరి కూలీలకు కూడా పరిహారం చెల్లించాలి. ఆ తర్వాత మేస్త్రీ నుంచి రాబట్టుకోవచ్చు. 2025 నవంబరులో ఈ కోడ్ అమల్లోకి వచ్చేదాకా వర్తించిన 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం 12వ సెక్షన్‌లోనూ ఇదే సూత్రం ఉండేది. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీ తీసుకొచ్చిన కూలీ అయినా, ఒడిశా నుంచి వచ్చిన సెంట్రింగ్ కార్మికుడైనా లెక్క ఒకటే. ఉన్న చిక్కల్లా రాబట్టుకోవడంలోనే. గుంపు మేస్త్రీ దగ్గర అంత డబ్బు ఉండడం అరుదు.

పరిహారం ఎంతో చట్టమే చెబుతుంది. మరణిస్తే నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే వేతనానికి 15,000 రూపాయల పరిమితి ఉంది. ముప్పై ఏళ్ల వయసుకు గుణకం 207.98. అంటే నెలకు 15,000 గానీ అంతకు మించి గానీ సంపాదించే ముప్పై ఏళ్ల కార్మికుడు పరంజా మీంచి పడి చనిపోతే కుటుంబానికి అందాల్సింది 15,59,850 రూపాయలు. శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే సగానికి బదులు 60 శాతం లెక్క. చెల్లించాల్సిన తేదీ నుంచి నెల దాటితే 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేని జాప్యానికి పరిహారంలో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు. ఈ జరిమానా బీమా కంపెనీ మీద పడదని వేద్ ప్రకాశ్ గార్గ్ కేసులో 1997లోనే సుప్రీంకోర్టు తేల్చింది. వడ్డీ సంగతి పాలసీ షరతులను బట్టి ఉంటుంది.

ఇక్కడే మరో రెండు నమ్మకాలు అడ్డొస్తాయి. నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు కడుతున్నాం కాబట్టి కూలీల సంగతి నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డే చూసుకుంటుందన్నది మొదటిది. సెస్సు బీమా కాదు. బోర్డు ఇచ్చే సాయం దానిలో నమోదైన కార్మికుడి హక్కు, దానివల్ల యజమాని బాధ్యత తగ్గదు. ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్పిస్తే చాలన్నది రెండోది. ప్రమాద మరణానికి అందులో వచ్చేది 2 లక్షలు. అది కూలీ కుటుంబానికి అదనంగా దక్కే సొమ్మే తప్ప చట్టం చెప్పిన పరిహారానికి బదులు కాదు. ఈఎస్‌ఐ పరిధిలోని కార్మికుల సంగతి వేరు. పని ప్రమాదానికి వారికి ఈఎస్‌ఐ నుంచే ప్రయోజనం అందుతుంది, యజమాని వేరుగా పరిహారం ఇవ్వనక్కర్లేదు.

కూలీల పాలసీకి ప్రీమియం వేతనాల మొత్తాన్ని బట్టి ఉంటుంది. ప్రీమియం తగ్గుతుందని సగం మందినే చూపిస్తే, ప్రమాదం జరిగిన రోజు మస్టర్ రోల్‌లో ఉన్న పేరు ఆ సగంలోదేనని నిరూపించుకోవాల్సిన పని కాంట్రాక్టరుదే అవుతుంది.

“జేసీబీకి మెషినరీ పాలసీ ఉందిగా”

ప్లాంట్ అండ్ మెషినరీ పాలసీ సైటులో యంత్రానికి జరిగే నష్టాన్ని చూస్తుంది. ప్రమాదవశాత్తూ బోల్తా పడడం, ఢీకొనడం, వరదలో మునగడం అందులోకి వస్తాయి. అరుగుదల, యంత్రం లోపలి భాగాలు తమంతట తాము చెడిపోవడం రావు. యంత్రం రోడ్డెక్కితే మాత్రం 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ కింద మూడో పక్షానికి బీమా తప్పనిసరి. టిప్పర్లు, కాంక్రీటు లారీలు, ఒక సైటు నుంచి మరో సైటుకు రోడ్డు మీద నడిచి వెళ్లే జేసీబీలు దీని పరిధిలోవే.

“పనిలో సగానికి బీమా చేస్తే సగం ప్రీమియం మిగులుతుంది”

సీఏఆర్‌లో బీమా మొత్తం పని పూర్తయ్యే నాటి పూర్తి విలువ అయి ఉండాలి. పని ఇచ్చినవారు ఉచితంగా సరఫరా చేసే సిమెంటు, ఇనుము విలువ కూడా అందులో కలవాలి. చాలామంది వదిలేసేది దీన్నే. 10 కోట్ల పనికి 6 కోట్లే రాయిస్తే, 50 లక్షల నష్టం జరిగినప్పుడు లెక్కకు వచ్చేది 30 లక్షలు, అందులోంచి ఎక్సెస్ పోతుంది. పని మధ్యలో ధరలు పెరిగే అవకాశం ఉంటే ఎస్కలేషన్ నిబంధన ముందే చేర్చుకోవడం మేలు.

మొత్తమే కాదు, రక్షణ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందన్నదీ చూసుకోవాలి. ప్రీమియం చేతికి అందకముందు బీమా కంపెనీ రిస్కు తీసుకోకూడదని 1938 బీమా చట్టం 64వీబీ సెక్షన్ చెబుతోంది. ప్రపోజల్ ఫారం ఇచ్చి చెక్కు తర్వాత పంపిస్తామంటే మధ్య రోజులకు రక్షణ ఉండదు. అలాగే పని అప్పగించిన భాగానికి, వాడుకలోకి వచ్చిన భాగానికి పాలసీ అక్కడితో ఆగిపోతుంది. బిల్లులు రాక పని నిలిచిపోతే ఆ సంగతి బీమా కంపెనీకి తెలపాలి.

“ష్యూరిటీ బాండ్ కూడా బీమాయే కదా”

బ్యాంకు గ్యారంటీకి ప్రత్యామ్నాయంగా 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాలతో బీమా కంపెనీలు ష్యూరిటీ బాండ్లు ఇస్తున్నాయి. ఇవి పని ఇచ్చినవారికి రక్షణ. కాంట్రాక్టరు మాట తప్పితే బీమా కంపెనీ ముందు వారికి చెల్లించి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు నుంచే వసూలు చేసుకుంటుంది.

“వ్యాపార పాలసీ వివాదానికి సివిల్ కోర్టే గతి”

క్లెయిమ్ తిరస్కరణకు గురైతే ఏకవ్యక్తి సంస్థలు, సూక్ష్మ సంస్థలు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, హైదరాబాదులో ఆ కార్యాలయం ఉంది. పెద్ద కంపెనీలకు ఆ దారి లేదు. అయితే వ్యాపార సంస్థ నష్టభర్తీ కోసం తీసుకున్న పాలసీ లాభం కోసం కొన్న సేవ కాదని, ఆ సంస్థ కూడా వినియోగదారుగా ఫిర్యాదు చేయవచ్చని 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.