పసిబిడ్డలకు ఫ్రెంచి పలుకులు



ఉద్యోగార్థమై ఫ్రాన్సు దేశమునకో, కెనడాలోని మాంట్రియాలు నగరమునకో కాపురము తరలించుచున్న తెలుగు కుటుంబములు నేడు కలవు. పెద్దలు అచటి భాషను అవసరమునుబట్టి ఎట్లో నేర్చుకొందురు. చిక్కంతయు పసివాండ్రది. ఫ్రాన్సులో 2019వ సంవత్సరము నుండి మూడేండ్ల వయస్సుననే విద్య నిర్బంధమైనది. ఆ శిశుపాఠశాలను వారు ‘ఎకోల్ మాతెర్నెల్’ అందురు. మాతృపాఠశాల యని దాని యర్థము. పేరు చల్లనిదే కాని, అమ్మ కొంగు విడిచి యెఱుగని బిడ్డ అచట దాహమని చెప్పుకొనలేక బిక్కమొగము వేసికొని కూర్చుండిన, ఆ దుఃఖ మెవరు తీర్తురు? ప్రయాణమునకు ముందే నాలుగు మాటలు, రెండు పాటలు నేర్పి పంపుట తల్లి చేతిలోని పని.

ఈ భాష తెలుగునేలకు బొత్తిగా క్రొత్తది కాదు. గోదావరి తీరమునందలి యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండి, 1962లో చట్టరీత్యా భారతదేశమున చేరినది. అన్ని యేండ్లు ఫ్రెంచి రాజభాషయై యున్నను, అచటి యిండ్లలో తెలుగు చెక్కుచెదరలేదు. కావున పరభాష వచ్చిన మాతృభాష పోవునను భయము మనకు వలదు.

మొదట అక్షరములు దిద్దింపరాదు. ఫ్రెంచిలో మాట చివర వ్రాసిన అక్షరములు పెక్కింటిని పలుకరు. వ్రాత ముందు చూచిన బిడ్డ కంటితో చదివి నాలుకను పాడుచేసికొనును. చెవి ముందు, కన్ను తరువాత.

ధ్వనులలో రెండింటిని గమనింపవలెను. మన పూర్వకావ్యములలో అరసున్న యని యొకటి కనబడును గదా! నేడు దానిని వ్రాసినను పలుకువారు లేరు. ఫ్రెంచివారు మాత్రము అటువంటి ముక్కుపలుకును నిత్యము పలుకుదురు. రొట్టెను ‘పేఁ’ అందురు. అచట నిండుసున్న పలికించిన తప్పు. రెండవది, పెదవులను ‘ఊ’ యనునట్లు చుట్టి, నాలుకతో ‘ఈ’ యనవలసిన ధ్వని. అద్దము ముందు నిలిపి ఆటగా చేయించిన పిల్లలు నవ్వుచునే పట్టుకొందురు.

మాటలను వేళలకు ముడిపెట్టవలెను. లేచినప్పుడు ‘బోఁజూర్’, ఏదైన నందుకొన్నప్పుడు ‘మెర్సీ’, పండుకొనునప్పుడు ‘బొన్ న్యుయీ’. బడికి పోవు బిడ్డకు ఇంక నాలుగు అత్యవసరములు: దాహమైన ‘జే స్వాఫ్’, నొప్పియైన ‘జే మాల్’, తెలియకున్న ‘జ న కోఁప్రాఁ పా’, మూత్రమునకు పోవలెనన్న పసివాండ్ర మాటయైన ‘పీపీ’. ఇవి వచ్చిన బిడ్డ సగము ధైర్యవంతుడగును. ‘త్యు’ యనగా నీవు, ‘వూ’ యనగా మీరు. అచటి పిల్లలు తలిదండ్రులను సాధారణముగా ‘త్యు’ యనియే పిలుతురు; అది అవినయము కాదని బామ్మలకు ముందే చెప్పియుంచుట మేలు.

అంకెలను ఇడ్డెనలు వడ్డించుచు, మెట్లెక్కుచు చెప్పవచ్చును. మూడు ‘త్రువా’, ఏడు ‘సెత్’, పది ‘దీస్’. త్రి, సప్త, దశ యని చదివినవారికి చుట్టరికము వెంటనే తోచును. ఫ్రెంచికి తల్లియైన లాటినును, సంస్కృతమును ఒకే భాషాకుటుంబమునకు చెందినవి. చంద్రుని మాట వేడుకైనది: మనకు చందమామయైనవాడు వారికి ‘లా లూన్’ అను స్త్రీలింగము. కావుననే ప్రతి నామమును ముందుండు ‘ల’, ‘లా’ లతో కలిపియే నేర్పవలెను.

ఇక పాటలు. ‘ఫ్రేర్ జాక్’ అను పాటలో ప్రాతఃకాలపు గంట మ్రోగింపవలసిన సన్యాసి నిద్రపోవుచుండును. ఒకరు ఎత్తుకొన్న పిమ్మట మఱియొకరు మొదటినుండి అందుకొని పాడుట దాని సొగసు. అక్కయు తమ్ముడును కలసి పాడదగినది. క్యాబేజీ నాటుటను గూర్చిన పాట వేలు, చేయి, కాలు, మోచేయి మున్నగు అవయవముల పేర్లను అభినయముతో నేర్పును. కెనడాలో ప్రసిద్ధమైన ‘అలూయెత్’ గూడ అంగములనే చెప్పును గాని, అది భరతపక్షి యీకలు పెరుకు పాట. అర్థము తెలిసికొని ఎంచుకొనుట మంచిది.

తల్లికి రాని భాషను తల్లి యెట్లు నేర్పుననవచ్చును. ఆ దేశస్థులు పాడిన పాటలను ఫోనులో వినిపించి, బిడ్డతోపాటు తానును వినవలెను. పూటకు పది నిమిషములు చాలును. తప్పు పలికిన గద్దింపక, సరియైన మాటను మరల తాను పలికిన చాలును. అతిథుల యెదుట ఒప్పజెప్పుమని నిర్బంధింపరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. జోలపాట, కథ, అలుక తీర్చుట తెలుగుననే జరుగవలెను. వీథిలోని ఫ్రెంచి తనంతట పెరుగును. పరదేశమున తెలుగును పెంచుటకు మాత్రము ఇల్లు తప్ప వేఱు చోటు లేదు. బిడ్డకు బడిలో దాహము తీర్చు మాట యొకటి, ఇంట మనసు విప్పు మాట యొకటి కావలెను. రెండును ఇచ్చి పంపుదము.