న్యాయ గ్రంథాలయం: నాడు, నేడు

న్యాయస్థానంలో వాదించే న్యాయవాదికి వాక్చాతుర్యం ఒక్కటే చాలదు. తన వాదానికి ఆధారమైన చట్టాన్నీ, పూర్వపు తీర్పునూ చూపగలగాలి. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రాన్ని దేశంలోని న్యాయస్థానాలన్నీ అనుసరించాలని భారత రాజ్యాంగం 141వ అధికరణం నిర్దేశిస్తున్నది. అందువల్ల ఎన్నడో వెలువడిన తీర్పు కూడా నేటి కక్షిదారుని ఆస్తినీ, స్వేచ్ఛనూ నిర్ణయించగలదు.

అటువంటి తీర్పులను భద్రపరచి, అడిగినవారికి అందించే చోటు న్యాయ గ్రంథాలయం. తీర్పులను ముద్రించే సంపుటాలను లా రిపోర్టులు అంటారు. వాటిలోని ప్రతి తీర్పుకూ సైటేషన్ అనే గుర్తింపు ఉంటుంది. 'ఎ.ఐ.ఆర్. 1973 ఎస్.సి. 1461' అంటే ఆల్ ఇండియా రిపోర్టర్ 1973వ సంవత్సరపు సుప్రీంకోర్టు విభాగంలో 1461వ పుట అని అర్థం. 13 మంది న్యాయమూర్తులు విచారించిన కేశవానంద భారతి కేసు తీర్పు ఆ పుటలో ఆరంభమవుతుంది. సైటేషన్ తెలియనివారు విషయసూచికలనూ, డైజెస్టులనూ గంటల తరబడి తిరగవేయవలసి వచ్చేది. ఆ అన్వేషణలో గ్రంథపాలకుడే వారికి దారి చూపేవాడు.

కంప్యూటర్ ఈ శ్రమను ఎంతో తగ్గించింది. మనుపాత్ర, ఎస్.సి.సి. ఆన్‌లైన్ వంటివి చందాదారులకు తీర్పులను అందిస్తున్నాయి. 2008లో ఆరంభమైన ఇండియన్ కానూన్‌లో ఎవరైనా ఉచితంగా తీర్పులు చదువుకోవచ్చు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన అధికారిక తీర్పుల సంపుటాలను ఇ-ఎస్.సి.ఆర్. పేరుతో ప్రజలందరికీ ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. పెద్ద గ్రంథాలయం లేని చిన్న పట్టణంలోని న్యాయవాదికి ఇది గొప్ప మేలు.

అయితే తీర్పు దొరికినంత మాత్రాన పని పూర్తికాదు. అది ఇప్పటికీ చెల్లుతున్నదో లేదో తెలుసుకోవాలి. అత్యవసర పరిస్థితి కాలంలో నిర్బంధితులు విడుదల కోరి న్యాయస్థానాన్ని ఆశ్రయించే వీలులేదని 1976లో సుప్రీంకోర్టు ఎ.డి.ఎం. జబల్‌పూర్ కేసులో తీర్పు చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. పాత సంపుటంలో మాత్రం 1976 నాటి అక్షరాలు అలాగే ఉన్నాయి. దానిని మాత్రమే చదివినవారు పొరబడక తప్పదు.

ఈ చిక్కును తీర్చడానికి 1873లో అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక తీర్పును తరువాతి తీర్పులు ఎక్కడ ప్రస్తావించాయో జిగురు కాగితాలపై ముద్రించి, పుస్తకాల అంచులలో అతికించుకొనేందుకు అమ్మాడు. నేడు అదే పనిని కంప్యూటర్ క్షణాలలో చేస్తున్నది.

కృత్రిమ మేధ రాకతో మరొక ప్రమాదం ఎదురైంది. 2023లో న్యూయార్క్‌లోని ఒక వ్యాజ్యంలో చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను న్యాయవాదులు నిజమైనవిగా పేర్కొన్నారు. ప్రశ్నించిన తరువాత కూడా వాటినే సమర్థించారు. న్యాయస్థానం వారికీ, వారి సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించింది.

అందుచేత గ్రంథపాలకుని అవసరం తీరిపోలేదు. తీర్పు అధికారిక సంపుటంలో ఉన్నదా, ఎందరు న్యాయమూర్తులు ఇచ్చారు, తరువాత ఎవరైనా తోసిపుచ్చారా అని పరిశీలించే పద్ధతిని అతడు నేర్పుతాడు. వెదకడం యంత్రానికి అప్పగించవచ్చు. సరిచూసే బాధ్యత మాత్రం మనిషిదే. ఆ బాధ్యతను విస్మరిస్తే నష్టపోయేది న్యాయం కోరి వచ్చిన కక్షిదారుడు.