శ్రీనివాస్ కూర్చున్న చోటు

2014 సెప్టెంబరు 19, శుక్రవారం. నేను ఆఫీసులో ఉండగా మా అక్కయ్య ఫోను చేసి, "ఒరేయ్, మన మాండలిన్ అబ్బాయి పోయాడటరా" అంది. ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడలేకపోయింది. నేనూ మాట్లాడలేదు. ఇద్దరం కాసేపు ఫోను పట్టుకుని అలాగే ఉండిపోయాం.

నలభై అయిదేళ్ళ మనిషిని అబ్బాయి అనడమేమిటని మీకనిపించవచ్చు. మద్రాసు తెలుగు ఇళ్ళలో ఉప్పలపు శ్రీనివాస్‌కు వయసు పెరగలేదు. పన్నెండేళ్ళప్పుడు ఈ ఊరి వేదిక మీద కూర్చుని వాయించిన కుర్రాడే మా కళ్ళల్లో ఉండిపోయాడు. పద్మశ్రీ వచ్చినా (1998లో వచ్చింది), ప్రపంచమంతా తిరిగి వచ్చినా మా అక్కయ్యకు అబ్బాయే. కాలేయ మార్పిడి జరిగిందని, కోలుకుంటున్నాడని విన్నాం. ఇంటికి వచ్చేస్తాడనుకున్నాం. ఊపిరితిత్తుల ఇబ్బంది వచ్చిపడింది. అంతే.

అప్పటికి మూడు వారాల కిందటే, ఆగస్టు 31న, ఇదే ఊళ్ళో బాపుగారు పోయారు. ఆయనది నరసాపురం, ఇతనిది పాలకొల్లు. రెండూ పక్కపక్క ఊళ్ళు. పశ్చిమ గోదావరి నుంచి వచ్చి చెన్నపట్నంలో స్థిరపడ్డ ఇద్దరు ఒకే నెల తేడాలో వెళ్ళిపోయారని ఆ రోజుల్లో ఏ తెలుగువాళ్ళు ఎదురుపడినా అనుకునేవాళ్ళం. బాపుగారిది పండిన వయసు, మనసుకు ఏదో విధంగా సర్దిచెప్పుకున్నాం. రెండోదానికి సర్దిచెప్పుకోవడం చేతకాలేదు.

శ్రీనివాస్ గురించి అప్పుడే చాలామంది రాశారు. నాకు ఇన్నేళ్ళుగా రాయాలనిపిస్తున్నది అతని పక్కన కూర్చుని వాయించినవాళ్ళ గురించి. వినేవాళ్ళ దుఃఖం ఒక రకం. మనకు రికార్డులున్నాయి, పెట్టుకుని వింటాం. కలిసి వాయించినవాడికి ఆ వీలు లేదు. వేదిక మీద కుడిపక్కకు చూస్తే అక్కడ మనిషి ఉండడు. అది చిన్న ఎత్తున నాకూ అనుభవమైంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆ వాద్యం మాట. మాండలిన్ మనది కాదు, ఇటలీ నుంచి వచ్చింది. రెండేసి తీగలు జతగా నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. మీటితే టింగుమని మోగి వెంటనే ఆరిపోతుంది. సినిమా పాటల మధ్యలో తళుక్కుమనడానికి అది చాలు. కానీ మన సంగీతానికి గమకం ప్రాణం. ఒక స్వరాన్ని పట్టుకుని ఊపాలి, సాగదీయాలి, పక్క స్వరం అంచు దాకా వెళ్ళి వెనక్కి రావాలి. మీటగానే ఆరిపోయే నాదంతో ఆ పని ఎలా? శ్రీనివాస్ జతలు తీసేసి ఒంటి తీగలు అయిదు ఉంచుకున్నాడు. విద్యుత్తుతో మోగే మాండలిన్ పట్టుకున్నాడు. దాంతో నాదం నిలిచింది, వేలు జారడానికి వ్యవధి దొరికింది.

అయినా అసలు కీలకం తీగల్లో కంటే అతను నేర్చుకున్న పద్ధతిలో ఉందని నాకనిపిస్తుంది. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారు వాద్యకారులు. ఇంట్లో ఉన్న ఆయన మాండలిన్‌నే పిల్లవాడు ఆరేళ్ళప్పుడు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు. ఈయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్రం మనిషి. మాండలిన్ వాయించడం ఆయనకు రాదు! ఆయన పాడేవారు, పిల్లవాడు విని ఆ పాటను తీగల మీదికి ఎక్కించుకునేవాడు. ఈ సంగతి గురించి ఎంత ఆలోచించినా నాకు తనివి తీరదు. వేళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేకపోబట్టే వేళ్ళు గొంతు వెంట వెళ్ళడం నేర్చుకున్నాయి. అతని వాయింపులో సాహిత్యం వినబడుతుందని పెద్దలు అనేవారంటే కారణం ఇదే కావాలి.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్ళు. 1981లో మద్రాసులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వాయించాడు. ఈ ఊరి సభల సంగతి మీకు తెలిసిందే. ముందు వరుసలో కూర్చునే మామలు తల ఊపడం అంత సులువుగా జరగదు. ఫిడేలును మన సంగీతంలోకి బాలుస్వామి దీక్షితులు తెచ్చి రెండు వందల ఏళ్ళయింది కాబట్టి దాన్ని ఎవరూ విదేశీయం అనరు. మాండలిన్‌కు అలాంటి పుట్టుపూర్వోత్తరాలేమీ లేవు. ఒక తెలుగు పిల్లవాడు వచ్చి పదేళ్ళు తిరక్కుండానే దాన్ని కచేరీ వాద్యం చేసి కూర్చోబెట్టాడు. ఎంతగా అంటే, మద్రాసులో అతని ఇంటిపేరు మాండలినే అయిపోయింది. పద్నాలుగేళ్ళకే, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు.

మా నాన్నగారు ఇంగ్లీషు పేపరులో ఆ వార్త చూపించి, "పాలకొల్లు నుంచి బెర్లిన్‌కు మధ్యలో మనం ఉన్నాం చూడు" అన్నారు. మన అంటే మాంబళం అన్నమాట.

ఇక 'శక్తి' సంగతి. ఇంగ్లండులో పుట్టిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయకరామ్ కలిసి 1970లలో నడిపిన బృందం అది. కొన్నేళ్ళకు ఆగిపోయింది. 1990ల చివర మెక్‌లాఫ్లిన్, జాకిర్ దాన్ని 'రిమెంబర్ శక్తి' అన్న పేరుతో మళ్ళీ నిలబెట్టారు. అందులోకి శ్రీనివాస్ వచ్చాడు. వినాయకరామ్‌గారి అబ్బాయి సెల్వగణేశ్ కంజిరాతో వచ్చాడు. ఆ తర్వాత శంకర్ మహదేవన్ గాత్రం చేరింది. 2000లో, 2001లో వచ్చిన వాళ్ళ రికార్డులు విన్నవాళ్ళకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు. విననివాళ్ళు రెండోదాంతో, బొంబాయి కచేరీతో మొదలుపెట్టండి. అందులో 'గిరిరాజ్ సుధ' అని శ్రీనివాస్ పేరుతో ఉన్న ఒక రచన ఉంది. పేరు వినగానే మన చెవికి త్యాగయ్యగారు తగులుతారు.

కర్ణాటక కచేరీలో ప్రధాన కళాకారుడు నడుమ కూర్చుంటాడు, పక్కవాద్యాలు అతన్ని అనుసరిస్తాయి. శ్రీనివాస్ తొమ్మిదో ఏట నుంచీ ఆ నడిమి చోట కూర్చున్నవాడు. ఇక్కడేమో నడిమి చోటు ఎవరిదీ కాదు. పైగా గిటారూ మాండలినూ రెండూ మీటే తీగలే. జాగ్రత్త తప్పితే ఒకదాని మీద ఒకటి పడి రెండూ వినబడకుండా పోతాయి. మెక్‌లాఫ్లిన్ ఒక ముక్క వేగంగా వేసి వదిలితే శ్రీనివాస్ దాన్ని అందుకుని, ఒక గమకం తగిలించి, రాగం చెడకుండా తిప్పి పంపేవాడు. అవతలి మనిషి తనకంటే ఇరవై ఏడేళ్ళు పెద్ద. జాకిర్ హుస్సేన్ దాదాపు పద్దెనిమిదేళ్ళు పెద్ద. ఈ కుర్రాడు ఎక్కడా తగ్గడు, ఎక్కడా తోసుకు ముందుకూ రాడు. ముఖాన చిరునవ్వు మాత్రం ఉంటుంది. వీడియోలో చూడండి, కష్టమైన చోట ఆ నవ్వు ఇంకాస్త పెరుగుతుంది.

అతను పోయాక ఆ బృందం ఆగిపోయింది.

ఇప్పుడు మా సంగతి చెబుతాను. మా సంఘంలో ఉగాదికీ సంక్రాంతికీ లలిత గీతాలకు వాయించడానికి ఆరుగురం ఉండేవాళ్ళం. నాది తబలా, అదీ అంతంతమాత్రం. మాలో ఒక్కడే నిజమైన విద్య ఉన్నవాడు, వేణువు వాయించేవాడు. బ్యాంకులో గుమాస్తా. నాకంటే నాలుగేళ్ళు చిన్న. వాయించే ముందు వేణువును చొక్కా చేతికి తుడుచుకుని నావైపు చూసి కనుబొమ్మ ఎగరేసేవాడు. ఇంక మొదలుపెడదామా గురూ అని దానర్థం. 2016లో ఉగాదికి రెండు వారాల ముందు, రాత్రి భోజనం చేసి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండెపోటు.

పదో రోజు అయిందో లేదో, మా కార్యదర్శిగారు, పాపం మంచి మనిషే, ఫోను చేసి, "కార్యక్రమం ఆపలేం కదండీ, ఆయన చోట ఇంకొకర్ని చూసుకోండి" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. హాలుకు డబ్బు కట్టేశారు. వేణువు వాయించేవాళ్ళు చెన్నైలో కావలసినంతమంది. అయినా నాకు కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. ఒక కుర్రాణ్ణి పిలిపించాం. బాగానే వాయించాడు. మావాడి కంటే శుద్ధంగా వాయించాడేమో కూడా. నేను మొదటి పాటకు ముందు అలవాటుగా పక్కకు చూశాను. ఆ కుర్రాడు చరణం కాగితం చూసుకుంటున్నాడు. ఆ సాయంత్రం నా తాళం రెండుసార్లు తప్పింది. జనంలో ఎవరికీ తెలియలేదు, మా అయిదుగురికీ తెలిసింది. మరుసటేడు నుంచి మేము వాయించడం మానేశాం. అది సరైన పనో కాదో ఇప్పటికీ నాకు తేలలేదు. మానేసినందుకు మావాడు ఉంటే తిట్టేవాడని మాత్రం తెలుసు.

అందుకే శక్తివాళ్ళు ఏం చేస్తారా అని ఆ రోజుల నుంచీ కనిపెట్టి చూశాను. వాళ్ళకు మాండలిన్ వాయించేవాళ్ళు దొరకక కాదు. శ్రీనివాస్ తమ్ముడు రాజేశ్ ఉన్నాడు, అన్నగారి దగ్గరే నేర్చుకుని అన్నగారి పక్కనే ఎన్నో కచేరీలు చేసినవాడు. దేశంలో అతని బాటలో మాండలిన్ పట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. అయిదేళ్ళు గడిచాక, 2020లో, శక్తి మళ్ళీ వస్తోందన్నారు. వయొలిన్‌తో గణేశ్ రాజగోపాలన్ చేరారు. మాండలిన్ లేదు. తొలి శక్తిలో వయొలిన్ ఉండేది కాబట్టి ఆ రూపానికే వెళ్ళారని అనుకోవచ్చు. నాకు మాత్రం వేరేగా తోచింది. వాళ్ళు బృందాన్ని నిలబెట్టుకున్నారు, ఆ చోటును మాత్రం అలాగే వదిలేశారు. మాకు ఆ ఉపాయం తట్టలేదు. వేణువు పోయిన చోట వేణువునే పెట్టాలనుకున్నాం.

2023లో వాళ్ళ రికార్డు వచ్చింది. 1977 తర్వాత, నలభై ఆరేళ్ళకు, శక్తి పేరుతో స్టూడియోలో చేసినది అదే. అందులో మొట్టమొదటి రచన పేరు 'శ్రీనీస్ డ్రీమ్', అంటే శ్రీని కల. లోపల 'గిరిరాజ్ సుధ' కూడా మళ్ళీ ఉంది, ఈసారి దాన్ని కట్టినవాడు లేకుండా. 2024 ఫిబ్రవరిలో ఆ రికార్డుకు గ్రామీ బహుమతి వచ్చింది. పత్రికలన్నీ శంకర్ మహదేవన్, జాకిర్ హుస్సేన్ ఫొటోలు వేశాయి. వేయాల్సిందే. నేను ఆ వార్తల్లో పాలకొల్లు పేరు వెతికాను. కనబడలేదు. కొంచెం కోపం వచ్చిన మాట దాచను.

ఆ ఏడాది డిసెంబరులో జాకిర్ హుస్సేన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పోయారు. డెబ్బై మూడేళ్ళు. ముందు రోజు రాత్రి నుంచే అవునంటున్నారు, కాదంటున్నారు. 16వ తేదీ ఉదయానికి మనకు వార్త ఖాయమైంది. ఈసారి ఫోను నేనే చేశాను. అక్కయ్య సాయంత్రం మా ఇంటికే వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ కుర్చీలో కూర్చుని, "ఆ తబలా ఆయన మన అబ్బాయితో వాయించింది ఏదైనా పెట్టరా" అంది.

బొంబాయి కచేరీ పెట్టాను. చివరిదాకా కదలకుండా విన్నది. తర్వాత 2023 రికార్డు మొదటి రచన పెట్టాను. పేరు చెప్పాను, శ్రీని పేరు మీద చేశారని. తబలా మొదలైంది. గిటారు వచ్చింది, వయొలిన్ వచ్చింది, గాత్రం వచ్చింది. అక్కయ్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. సగం అయ్యాక నావైపు తిరిగి, "మాండలిన్ ఎప్పుడొస్తుందిరా?" అంది.

"ఇందులో లేదక్కయ్యా."

ఏమీ అనలేదు. అయిపోయేదాకా విని, "ఇంకోసారి పెట్టు" అంది.