పాత చైన్ సా ఇంజన్: అరిగిన భాగాలు మార్చాలా, వద్దా?

6.1 పరిచయం

క్రిందటి పాఠంలో టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజన్ పనిచేసే విధానాన్ని చదివారు. ఈ పాఠంలో ఆ పరిజ్ఞానాన్ని ఒక ఆచరణాత్మకమైన ప్రశ్నకు అన్వయించుకుందాం. ఏళ్ల తరబడి వాడిన చైన్ సా బలం తగ్గిపోయినప్పుడు పిస్టన్, రింగులు, సిలిండరు మార్పించాలా, లేక దాన్ని పక్కన పెట్టి కొత్తది కొనాలా?

సింగరాయకొండ పరిసరాల్లో ఈ ప్రశ్న తరచుగా ఎదురయ్యేదే. సముద్రం వైపు ఇసుక నేలల్లో సరుగుడు తోటలు, మెట్ట పొలాల్లో జామాయిల్, సుబాబుల్, బీడు భూముల్లో సర్కారు తుమ్మ ఉన్నాయి. కాగితం మిల్లులకు వెళ్లే కర్ర ఒకవైపు, కందుకూరు, టంగుటూరు ప్రాంతాల పొగాకు బేరన్లకు కావలసిన పుల్ల మరోవైపు. బేరన్లు వెలిగే కాలంలో రంపం ఆగిందంటే దాని యజమానికి ఆ రోజు కూలి పోవడమే కాదు, మాట ఇచ్చిన రైతు కూడా ఇబ్బందిలో పడతాడు. అందువల్ల నిర్ణయం సీజనుకు ముందే, తగిన పరీక్షలు చేసి తీసుకోవాలి.

6.2 ఇంజన్‌ను అనుమానించే ముందు

బలం తగ్గిన ప్రతి రంపానికీ పిస్టన్ అరిగి ఉండదు. మొండిబారిన చైను, మసి పట్టిన సైలెన్సర్, దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, ట్యాంకులోని పెట్రోలు ఫిల్టరు, పాత ప్లగ్గు కూడా ఇవే లక్షణాలు చూపుతాయి. ముఖ్యంగా ఎగ్జాస్టు రంధ్రంలో కార్బన్ పేరుకుంటే ఇంజన్ ఊపిరి ఆడనట్లు అయిపోతుంది. దాన్ని చెక్కపుల్లతో గీకి తీస్తే సరిపోతుంది. ఇనుప స్క్రూడ్రైవరు వాడితే పిస్టన్‌పై గీతలు పడతాయి.

ఇంకొక కారణం ఈ మధ్య వచ్చింది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉన్నందువల్ల పాత కార్బురేటరు సెట్టింగుతో మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ ఎక్కువ వేడెక్కుతుంది. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కలిపిన పెట్రోలును నెలల తరబడి డబ్బాలో నిల్వ ఉంచి వాడేవారి రంపాల్లో కార్బురేటరు డయాఫ్రమ్ గట్టిపడిపోవడం చూస్తుంటాం. డయాఫ్రమ్ కిట్టు ఖర్చు పిస్టన్ కిట్టు ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి ముందు దీన్ని సరిచూసుకోవాలి.

6.3 ఇంజన్ లోపలి స్థితిని తెలుసుకోవడం

మొదటి పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. ఇంజన్ స్విచ్ ఆపి, రంపాన్ని స్టార్టరు పిడితో పైకెత్తి వేలాడదీయండి. అది ఆగి ఆగి, మెట్టు మెట్టుగా దిగితే కంప్రెషన్ కొంతైనా ఉన్నట్లే. ఒక్కసారిగా జారి దిగిపోతే అనుమానించాలి. డీకంప్రెషన్ బటన్ ఉన్న మోడల్ అయితే అది నొక్కి లేదని ముందు చూసుకోండి.

తరువాత కంప్రెషన్ గేజి. ప్లగ్గు స్థానంలో గేజిని బిగించి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, ముల్లు ఇక పైకి కదలనంత వరకు తాడు లాగాలి. మోడల్‌ను బట్టి అంకె మారుతుంది గాని, 150 పి.ఎస్.ఐ. ప్రాంతంలో ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్లు, 100కు దిగువకు పడితే మరమ్మతు దశకు వచ్చినట్లు భావించవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ విషయం చెప్పేది మూడవ పరీక్ష. సైలెన్సర్ విప్పి, ఎగ్జాస్టు రంధ్రం గుండా పిస్టన్‌ను చూడండి. అలాగే కార్బురేటరు విప్పి లోపలికి పెట్రోలు వెళ్లే వైపు చూడండి. గీతలు ఎగ్జాస్టు వైపు మాత్రమే ఉంటే ఇంజన్ విపరీతంగా వేడెక్కిందని అర్థం. మిశ్రమం పలచబడటం గాని, ఆయిల్ సీలు నుంచి గాలి పీల్చడం గాని కారణం కావచ్చు. ప్రవేశం వైపు పిస్టన్ మసకబారి అరిగి ఉంటే ఫిల్టరు దాటి ఇసుక, దుమ్ము లోపలికి పోయాయి. సముద్రతీరపు సరుగుడు తోటల్లో నేలకు ఆనించి మొదళ్లు కోసేవారు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. చుట్టూ గీతలు ఉంటే పెట్రోలులో ఆయిలు కలపడం మరచి నడిపి ఉంటారు.

కారణం తేలకుండా కొత్త పిస్టన్ వేయించడం డబ్బు దండగ. సీలు నుంచి గాలి పీల్చే ఇంజన్‌లో కొత్త పిస్టన్ కూడా పాతదాని దారినే పోతుంది.

6.4 స్కూటర్ లెక్క ఇక్కడ ఎందుకు పనికిరాదు

పాత బజాజ్ చేతక్, రాజ్‌దూత్ వాడినవారికి ‘బోరు చేయించడం’ బాగా తెలుసు. వాటి సిలిండరు లోపలి గోడ పోత ఇనుము. అరిగితే కొద్దిగా తొలిపించి ఓవర్‌సైజు పిస్టన్ వేసేవారు. చాలా మంది చైన్ సా యజమానులు ఇదే పని చేయించమని మెకానిక్‌ను అడుగుతారు.

నేటి చైన్ సాలలో ఎక్కువ వాటి సిలిండరు అల్యూమినియం. దాని లోపలి గోడపై నికెల్-సిలికాన్ కార్బైడ్ పూత గాని, క్రోమియం పూత గాని ఉంటుంది. ఈ పూత చాలా గట్టిది, కాని చాలా పలచనిది. బోరు చేస్తే పూత పోయి మెత్తని అల్యూమినియం బయటపడుతుంది. అందుకే ఇక్కడ రెండే దారులు: పూత బాగుంటే పిస్టన్, రింగులు మార్చడం, పూత పోతే సిలిండరు, పిస్టన్ కలిపి సెట్టుగా మార్చడం.

పూత పోయిందో లేదో గోటితో తెలుసుకోవచ్చు. గోడపై గోరు అడ్డంగా నడిపినప్పుడు గీతలో తట్టుకుంటే జాగ్రత్తగా పరిశీలించాలి. కొన్నిసార్లు అది గుంట కాదు, పిస్టన్ నుంచి కరిగి అంటుకున్న అల్యూమినియం దిమ్మె. దాన్ని సన్నని ఎమరీ కాగితంతో ఓపికగా తీస్తే క్రింద పూత చెక్కుచెదరకుండా బయటపడవచ్చు. అలా బయటపడిన సిలిండరు మళ్లీ ఏళ్ల పాటు పనిచేస్తుంది. తొందరపడి పారవేయకండి.

రింగు అరుగుదలను కొలవడానికి రింగును సిలిండరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా లోపలికి నెట్టి, రెండు కొనల మధ్య సందును ఫీలర్ గేజితో చూడాలి. 1 మి.మీ. దాటితే రింగు మార్చాలి. కొత్త రింగు పెట్టినా సందు తగ్గకపోతే అరిగింది సిలిండరే. సిలిండరు వ్యాసం 0.1 మి.మీ. పెరిగితే చుట్టుకొలత దాదాపు 0.31 మి.మీ. పెరుగుతుంది, ఆ మేరకు సందూ పెరుగుతుంది.

భాగాలు కొనేటప్పుడు కొలత చెప్పి కొనాలి, ‘ఇంత సి.సి.’ అని మాత్రం కాదు. స్టిల్ ఎం.ఎస్. 250 రంపం బోరు 42.5 మి.మీ., స్ట్రోకు 32 మి.మీ.; లెక్కిస్తే 45.4 సి.సి. వస్తుంది. 45 సి.సి. అని చెప్పి అమ్మే వేరే రకం పిస్టన్ దీనికి పట్టనే పట్టదు. చవక నకలు సిలిండర్లలో రంధ్రాల అంచులు పదునుగా వదిలేసినవి ఉంటాయి. వాటికి రింగు తగిలి విరిగితే కొత్త సెట్టు మొత్తం పోతుంది.

6.5 క్రింది భాగం

సిలిండరు విప్పినప్పుడు కనెక్టింగ్ రాడ్‌ను చేత్తో పట్టి పైకి క్రిందికి ఆడించి చూడండి. పక్కలకు కొద్దిగా కదలడం సహజం. పైకి క్రిందికి ఏమాత్రం లూజు ఉన్నా క్రాంకు పని అయిపోయినట్లే. క్రాంకు కేసు విడదీసి బేరింగులు, సీళ్లు, క్రాంకు మార్చడమంటే ఖర్చు రెట్టింపుకు దగ్గరవుతుంది.

చైన్ బ్రేకు పనిచేయని రంపం, త్రాటిల్ లాక్ విరిగిన రంపం విషయంలో ముందు అవి బాగుపడాలి. వాటికి భాగాలు దొరక్కపోతే ఇంజన్ ఎంత బాగున్నా దానిపై డబ్బు పెట్టకూడదు.

6.6 డబ్బు లెక్క

ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చూద్దాం. సిలిండరు సెట్టు, సీళ్లు, కూలి కలిపి 7,500 రూపాయలు, ఆ మరమ్మతు రెండు సీజన్లు నిలుస్తుంది అనుకుందాం. సీజనుకు 3,750. కొత్త రంపం 32,000. పాతది విడిభాగాలకు 3,000కు పోతుంది. కొత్తది ఎనిమిది సీజన్లు నడుస్తుంది. 29,000ను ఎనిమిదితో భాగిస్తే సీజనుకు 3,625. ఇంతవరకు చూస్తే కొత్తదే కొంచెం మేలు.

కాని ఆ 29,000 చేతిలో లేక, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి వడ్డీ 6,960. మరమ్మతు సొమ్మునూ అదే వడ్డీకి తెచ్చినా 1,800 మాత్రమే. తేడా 5,160 రూపాయలు. అప్పు చేయవలసిన మనిషికి, క్రింది భాగం బాగున్నప్పుడు, మరమ్మతే సరైనది. క్రాంకు కూడా కలిపి మరమ్మతు 12,500 అయితే సీజనుకు 6,250 పడుతుంది. అప్పుడు అప్పు లేనివారు కొత్తదానికే వెళ్లాలి. అప్పు చేసేవారు మాత్రం ఎన్ని నెలల్లో తీర్చగలరో చూసుకుని మళ్లీ లెక్క వేసుకోవాలి.

మరమ్మతు చేయించాక మొదటి మూడు ట్యాంకుల వరకు కోత లేకుండా ఊరకనే పూర్తి వేగంతో తిప్పకండి. ఆయిలు పాళ్లు కంపెనీ పుస్తకంలో చూసి కలపండి. లీటరుకు 20 మి.లీ. అంటే 50కి 1, 40 మి.లీ. అంటే 25కి 1.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఒక రంపంలో కంప్రెషన్ 85 పి.ఎస్.ఐ. ఉంది. పిస్టన్‌పై గీతలు ఎగ్జాస్టు వైపు మాత్రమే ఉన్నాయి. కనెక్టింగ్ రాడ్‌లో పైకి క్రిందికి లూజు లేదు. చైన్ బ్రేకు పనిచేస్తోంది. కొత్త సిలిండరు సెట్టు కొనే ముందు మీరు ఏయే భాగాలను పరీక్షిస్తారు? ఎందుకు?

2. 6.6లోని ఉదాహరణలో మరమ్మతు రెండు సీజన్లకు బదులు మూడు సీజన్లు నిలిస్తే లెక్క ఎలా మారుతుందో కట్టి చూడండి.