సెలవుల్లో చేలోకి వెళ్తున్నారా? మొదటి వారం జాగ్రత్త!

సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. హాస్టల్ ఖాళీ చేసి ఊరొచ్చేశారు. అమ్మ మిర్చి చివరి కోతకు పోతోంది, నాన్న కళ్లంలో కాయలు తిరగేస్తున్నాడు. ఖాళీగా కూర్చోవడం ఎందుకని మీరూ తలకు తువ్వాలు చుట్టి బయల్దేరతారు. కోచింగ్ ఫీజుకు నాలుగు డబ్బులు వస్తాయి కదా! మంచి ఆలోచనే. కాకపోతే ఒక లెక్క తెలుసుకుని వెళ్లండి.

పనిచోట వేడికి చనిపోయేవారిలో దాదాపు సగం మంది చేరిన మొదటి రోజే చనిపోతున్నారని, మొదటి వారంలోనే 70 శాతానికి పైగా పోతున్నారని అమెరికా కార్మిక భద్రతా సంస్థ 'ఓషా' చెబుతోంది. ఎండకు ఒళ్లు అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు కావాలి. అలవాటైన ఒంటికి చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తక్కువ పోతుంది, గుండెకు శ్రమ తగ్గుతుంది. అమ్మ ఒళ్లు ఫిబ్రవరి నుంచీ ఎండతో పాటే సర్దుకుంటూ వచ్చింది. మీరు మొన్నటిదాకా ఫ్యాను కింద ఉన్నారు. 'అమ్మే చేస్తుంటే నాకేం?' అన్న మాట ఇక్కడ చెల్లదు.

మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతు, తర్వాత రోజుకో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలన్నది నిపుణుల సూత్రం. మేస్త్రీ ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. సొంత చేనైతే ఇబ్బంది లేదు. కూలికైతే తెల్లవారుజామునే దిగి, పదింటికల్లా ఇంటికొచ్చేయండి. ఆ వారం సగం కూలి పోతే పోనివ్వండి.

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలకు ఇదేమీ కొత్త ముప్పు కాదు. 2003 మే, 2015 మే నెలల వడగాలులకు రాష్ట్రంలో ఒక్కోసారి వెయ్యి మందికి పైగా చనిపోయారు. మైదాన ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వాతావరణ శాఖ దాన్ని వడగాలి అంటుంది. తేడా 6.4 దాటితే తీవ్ర వడగాలి. (పోటీ పరీక్షల వాళ్లకు పనికొచ్చే బిట్టే!) అయితే ఆ డిగ్రీలు నీడలో కొలిచినవి. కళ్లంలో నీడెక్కడిది? కింద నేల సెగ, పైన ఎండ, ఘాటుకు ముక్కూ నోరూ మూసిన గుడ్డ. పత్తి తీత ముదురు ఎండలకు ముందే అయిపోతుంది గానీ, మిర్చి పని నడివేసవిదాకా సాగుతుంది.

దాహం వేసేదాకా ఆగకండి. పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగాలి. ఉప్పేసిన మజ్జిగ, గంజి మంచివే. ఓఆర్‌ఎస్ దొరక్కపోతే లీటరు నీళ్లలో అంచుకు సమంగా ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. మన చేలల్లో ఆడవాళ్లు చాటు లేదని పొద్దుటి నుంచి నీళ్లే ముట్టరు. వాళ్లకు నీళ్ల గురించి ఎంత చెప్పినా లాభం లేదు. నాలుగు కర్రలు పాతి, పాత పట్టా కట్టి మరుగు చేసి పెట్టండి.

తలనొప్పి, కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, వికారం మొదటి గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టాలి. కొద్దికొద్దిగా తాగించాలి. మాట తడబడినా, పిచ్చిగా మాట్లాడినా, సొమ్మసిల్లినా అది వడదెబ్బే అనుకోండి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోవద్దు, పనిలో ఉన్నవాళ్లకు చెమట పడుతూనే ఉండొచ్చు. ఒంటి వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారన్‌హీట్ దాటితే మెదడు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు బట్టలు వదులు చేసి, బిందెలతో నీళ్లు గుమ్మరించాలి. తుండుతో విసురుతూనే ఉండాలి. మోటారు నడుస్తుంటే దాని నీళ్ల కిందే కూర్చోబెట్టి పట్టుకోండి, తల మాత్రం మునగకూడదు. బండి వచ్చేదాకా చల్లార్చడం ఆపకండి. తెలివి లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్ ఇవ్వొద్దు, ఇది జ్వరం కాదు.

పత్తి, మిర్చి చేలల్లో మరో చిక్కుంది. పురుగుమందు ఒంట్లోకి పోయినా చెమటలు, వాంతులు, తికమక కనిపిస్తాయి. నోట్లో చొంగ, కంటిపాప చిన్నదైపోవడం, ఊపిరి బిగబట్టడం ఉంటే మందును అనుమానించండి. తడిసిన బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడగండి, మీ చేతులకు కవర్లు తొడుక్కుని మరీ. ఏ మందు కొట్టారో ఆ డబ్బా లేబుల్ డాక్టరుకు చూపించండి. వైద్యం పూర్తిగా వేరు.

ఇంకొక్కటి. చేలోకి 108 రావాలంటే దారి తెలియాలి. కాలువ గట్టు దగ్గర మలుపు, పక్కనున్న గుడి, ట్రాన్స్‌ఫార్మర్ లాంటి గుర్తులు ముందే అనుకుని ఉండండి. ఫోన్‌లో లొకేషన్ పంపడం మీకు వచ్చు, పక్కన కోసేవాళ్లలో చాలామందికి రాకపోవచ్చు. కర్నూలు వైపు నుంచి వలస వచ్చిన ముఠాలకైతే ఊరి పేరు తప్ప ఏమీ తెలియదు. ఆ ఫోన్ మీరే చేయండి, ఇంకొకరిని తారురోడ్డు మీద నిలబెట్టండి.