కార్స్ కేంద్రాల స్థల నిర్ణయం

ఉపగ్రహ సంకేతాలను నిరంతరం స్వీకరిస్తూ, సర్వే పరికరాలకు దోష సవరణలు అందించే స్థిర కేంద్రాలను కార్స్ కేంద్రాలు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ప్రారంభమైన భూముల రీసర్వేకు సర్వే ఆఫ్ ఇండియా వారి కార్స్ కేంద్రాలు ఆధారమయ్యాయి.

అమరిక

కేంద్రానికీ పొలానికీ దూరం పెరిగినకొద్దీ వాటిపైనున్న అయనోఆవరణ ప్రభావం వేరై, సవరణ సరిపడదు. కొన్ని సెంటీమీటర్లకు మించరాని దోషం పెరిగితే గట్టు తగాదాలు తీరవు. అందుచేత గ్రామాలు త్రిభుజాల లోపలికి వచ్చేలా కేంద్రాలను అమరుస్తారు. ఉదాహరణకు, కేంద్రాలన్నీ నెల్లూరు తీరం వైపే ఉంటే పడమటనున్న అనుమసముద్రంపేట త్రిభుజానికి వెలుపల పడుతుంది. వెలిగొండలకు ఆవల, కడప జిల్లా వైపు కూడా ఒకటి ఉండాలి.

స్థలం

ఆకాశం నలువైపులా కనబడాలి. చెట్లు, ఎత్తైన భవనాలు, ప్రసార స్తంభాలు సమీపాన ఉండరాదు. తడికి ఉబ్బే నల్లరేగడి కంటే రాతినేల మేలు. నిరంతర విద్యుత్తు, అంతర్జాలం అవసరం.