మెయిన్‌ఫ్రేమ్‌లో ఎవరి కమాండ్ ఎంతవరకు

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లపై నడిచే జడ్/ఓఎస్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒకేసారి వేలమంది వాడుకోగలరు. వారిలో ఒకరు కొట్టిన ఒక్క కమాండ్‌తో వేరొకరి జాబ్ (సిస్టమ్‌కు అప్పగించిన పని) ఆగిపోవచ్చు, అందరూ వాడుతున్న డిస్క్ ఆఫ్‌లైన్‌లోకి వెళ్లిపోవచ్చు. అందుకే ఎవరు ఏ కమాండ్ ఇవ్వవచ్చో ముందే తేల్చి పెడతారు.

చాలాచోట్ల ఈ కాపలా ఐబీఎం 1976లో తెచ్చిన ర్యాక్‌ఎఫ్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌ది. ఏసీఎఫ్2, టాప్ సీక్రెట్ అనే సాఫ్ట్‌వేర్లు కూడా ఇదే పని చేస్తాయి. ర్యాక్‌ఎఫ్‌లో ఆపరేటర్ కమాండ్ల కోసం ఓపర్‌సీఎండీఎస్ అనే క్లాస్ ఉంది. జీతాల జాబ్ పేరు పేరోల్1 అనుకుందాం. దాన్ని ఆపమని కమాండ్ ఇవ్వగానే, 'ఎంవీఎస్.క్యాన్సిల్.జాబ్.పేరోల్1' అన్న పేరుకు వర్తించే ప్రొఫైల్‌లో, అంటే ఎవరికి ఏ అనుమతి ఉందో రాసిన నిబంధనలో, ఆ యూజర్‌కు అప్‌డేట్ స్థాయి అనుమతి ఉందా అని సిస్టమ్ చూస్తుంది. లేకపోతే కమాండ్ నడవదు. సిస్టమ్ స్థితి చూపించే డిస్‌ప్లే కమాండ్లకు రీడ్ చాలు. క్యాన్సిల్‌కు లొంగని జాబ్‌ను బలవంతంగా దించే ఫోర్స్‌కు కంట్రోల్ కావాలి. చూడటాన్నీ మార్చడాన్నీ ఇలా విడదీయడమే ఈ ఏర్పాటులోని అసలు బలం. సమస్య ఎక్కడుందో వెతికే ప్రోగ్రామర్‌కు చూసే హక్కు ఇవ్వాల్సిందే. దాంతోపాటు ఆపే హక్కు కూడా ఇవ్వనక్కర్లేదు.

ప్రమాదమంతా ప్రొఫైల్ రాయకుండా వదిలేసిన కమాండ్ల దగ్గరే. వాటి విషయంలో ర్యాక్‌ఎఫ్ ఏ తీర్పూ చెప్పదు. కమాండ్ ఇచ్చిన కన్సోల్‌కు (ఆపరేటర్ తెరకు) ఉన్న అధికారాన్ని బట్టి కమాండ్ నడిచిపోవచ్చు. కాబట్టి ముందు అన్నింటికీ వర్తించే ఒక ప్రొఫైల్‌ను ఎవరికీ అనుమతి లేకుండా పెట్టి, ఆపైన అవసరమైన గ్రూపులకు ఒక్కొక్కటే తెరవడం మేలు. గ్రూపులకే ఎందుకంటే, వ్యక్తుల పేర్లతో ఇచ్చిన అనుమతులు వాళ్లు వేరే పనికి మారాక కూడా మిగిలిపోతాయి.

టీఎస్‌ఓ ద్వారా టెర్మినల్ నుంచి నేరుగా సిస్టమ్‌ను వాడే యూజర్ల సంగతి కొంత వేరు. ఐబీఎం ఇచ్చే ఎగ్జిట్ (కమాండ్‌ను ముందుగా పరిశీలించే చిన్న ప్రోగ్రామ్) ప్రకారం, టీఎస్‌ఓ క్యాన్సిల్ కమాండ్‌తో తమ యూజర్ ఐడీతో మొదలయ్యే పేరున్న జాబ్‌లనే ఆపగలరు. జాబ్‌లను చూసే ఎస్‌డీఎస్‌ఎఫ్ తెరపై నుంచి సిస్టమ్ కమాండ్లు ఇవ్వాలంటే దానికీ విడిగా అనుమతి ఉండాలి.

కొత్త నిబంధనలను ఒక్కసారిగా బిగిస్తే రాత్రి బ్యాచ్ ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ప్రొఫైల్‌ను కొన్నాళ్లు వార్నింగ్ మోడ్‌లో ఉంచుతారు. అప్పుడు అనుమతి లేని కమాండ్ కూడా నడుస్తుంది, కానీ హెచ్చరిక వస్తుంది, సిస్టమ్ కార్యకలాపాలను నమోదు చేసే ఎస్‌ఎంఎఫ్‌లో 80వ రకం రికార్డుగా నమోదవుతుంది. ఆ రికార్డులు చూసి, నిజంగా అవసరమున్నవారికి అనుమతులిచ్చాకే వార్నింగ్ తీసేస్తారు.